బోణీ చేప తిండి కాదండీ

మా వీధి కుక్కకి ఆపరేషన్ చేయించాలని పట్టుబట్టింది నేనే. ఆ రెండు రోజుల్లో జరిగిన తెలివితక్కువ పనుల్లో సగం నావేనని ముందే ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. అందుకే ఆ ముక్క మొదట్లోనే అనేసి, మిగతాది తీరిగ్గా చెబుతాను.

యానాంలో, గోదావరి గట్టుకి రెండు వీధులు ఇవతల మా ఇల్లు. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం వదిలింది గానీ గొంతు వదల్లేదు. ఇప్పటికీ నేను అరుగు మీద నిలబడి ఎవరినైనా పిలిస్తే వీధి చివర టైలరు మిషను ఆపి తలెత్తుతాడు. మావారు మాత్రం నేను గొంతు పెంచగానే పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంటారు. పెళ్ళయిన కొత్తలో ఆయనకి చదువంటే ఇంత ఇష్టమా అని మురిసిపోయాను కూడా.

గోధుమరంగు ఒళ్ళూ, ఎప్పుడూ ఒక పక్కకి వాలిపోయి ఉండే చెవీ ఉన్న ఆ ఆడకుక్క మాది అంటాను నేను. అది పడుకునేది మా అరుగు మీద. మధ్యాహ్నం తినేది మా పెరుగన్నం. వానొస్తే గోకేది మా తలుపు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? అయితే మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ అది తన కుక్క అంటుంది. ఆవిడది కనకాలపేట. రోజూ పొద్దున్న ఆరున్నరకల్లా సత్తు బేసిను నెత్తిన పెట్టుకుని వస్తుంది. వీధి మొదట్లో బేసిను దించి, పైన కప్పిన తడి గోనె తీసి, ఒక చిన్న చేప ఏరి కుక్కకి వేస్తుంది. అది తిన్నాకే "చేపలోయ్" అని మొదటి కేక. అది పిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు జాలిపడి ఒక చేప వేసిందట. ఆ రోజు బేసిను మా వీధి దాటకుండానే ఖాళీ అయిందట. అప్పటి నుంచీ ఆ కుక్క నోట్లో చేప పడందే ఆవిడ ఎవరికీ బోణీ చేయదు.

మేం చేపా మాంసం ముట్టం. ఆ సంగతి ఎరిగి ఆవిడ మా ఇంటి ముందు ఆగదు. "బాగున్నారా టీచరుగారూ" అని పలకరించి, బేసిను అంచు నుంచి కారే నీళ్ళు మా ముగ్గు మీద పడకుండా పక్కకి తప్పుకుని నడుస్తుంది. ఇన్నేళ్ళలో ఆవిడ మా గడప తొక్కలేదు. నేను తొక్కమననూ లేదు. మా స్నేహం ఎంతంటే, ఆ కుక్క తల నుంచి తోక దాకా ఎంతో అంత.

పోయినసారి అది ఈనినప్పుడు మా మెట్ల కింద రెండు రోజులు నరకం పడింది. ఐదు పిల్లల్లో మూడు చచ్చి పుట్టాయి. బతికిన రెంటినీ మెట్టకూరులో తెలిసినవాళ్ళు పెంచుకోవడానికి తీసుకెళ్ళారు. తల్లికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. చేపలావిడా నేనూ చెరో పక్కన కూర్చుని చెంచాతో నీళ్ళు పట్టాం. మందిచ్చిన డాక్టరు వెళుతూ వెళుతూ "ఇంకో కాన్పంటే ఇది బతకదండీ" అని తేల్చేశాడు. ఆ మాట మా ఇద్దరినీ వదల్లేదు.

ఈ ఏడు మళ్ళీ పక్క వీధుల మగకుక్కలు పెళ్ళిచూపులకి వచ్చినట్టు మా గేటు ముందు వరసగా కూర్చోవడం మొదలెట్టాయి. కర్ర పుచ్చుకుని తరిమి తరిమి నా భుజం పట్టేసింది. కాకినాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిద్దామంటే, ఖర్చు సంగతి అలా ఉంచండి, వీధికుక్క అనగానే ఏ కారువాడూ ఎక్కించుకోనన్నాడు. ఇక దేవుడే దిక్కనుకుంటూ ఉంటే ఒకరోజు మైకు కట్టిన ఆటో వీధిలోకొచ్చింది. కుక్కలకీ పిల్లులకీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, అందరూ ఇచ్చుకోగలిగిన కొద్దిపాటి రుసుముతో, మెట్టకూరు కమ్యూనిటీ హాల్లో, రెండు రోజులు మాత్రమే. నేను చెప్పుల్లేకుండానే ఆటో వెనకాల పరిగెత్తి పేరు రాయించేశాను.

పేరు రాసుకున్న కుర్రాడు ఒకటే షరతు చెప్పాడు. ముందు రోజు రాత్రి నుంచీ కుక్క కడుపు ఖాళీగా ఉండాలి. మత్తిచ్చాక వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుందట. మా కుక్కని పస్తు ఉంచడమంటే మాటలు కాదు. దానికి వీధంతా అన్నదాతలే. అందుకని ఇల్లిల్లూ తిరిగి, పరీక్షల ముందు చెప్పినట్టు, ప్రతివాళ్ళ చేతా తిరిగి అప్పజెప్పించుకున్నాను. అందరికంటే ఎక్కువ హుషారు పడింది చేపలావిడే.

"ఆయ్, సేయించండి టీచరుగారూ. పాపం, ఎన్నిసార్లని కంటాదండి? నాకు మూడో కాన్పుకే సేయించేసేరు ఆపరేషను. దీనికెవురున్నారండి మనం తప్ప?" అంది. అని ఊరుకోకుండా, సాయంత్రం టైలరు అలవాటుగా తీసిన బిస్కెట్టు లాక్కుని తన కొంగున ముడేసుకుంది.

ఆ రాత్రి కుక్కని మా వెనక గదిలో పెట్టి గొళ్ళెం వేశాను. పొద్దున్న ఆటో వచ్చింది. గొలుసు పట్టుకుని గేటు దగ్గర నిలబడండని మావారికి చెప్పి, నేను సంచీ కోసం లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మావారు ఆటోవాడితో కబుర్లలో ఉన్నారు, చేపలావిడ కుక్క తల నిమురుతూ "ధైర్యంగా ఎల్లిరా అమ్మడూ" అంటోంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి వీధిలో ఉంటున్నందుకు గర్వపడుతూ ఆటో ఎక్కాను.

హాలు దగ్గర తిరునాళ్ళలా ఉంది. పౌడరు రాసి తెచ్చిన తెల్ల బొచ్చుకుక్కలు, వెదురుబుట్టలో మూత కట్టేసిన పిల్లి, స్కూలు బ్యాగులోంచి తల బయటపెట్టిన ఇంకో పిల్లి. ఒకామె తన పిల్లి నెత్తిన చెయ్యి పెట్టి "ఏసయ్యా, నీదే భారం" అని గొణుక్కుంటోంది. మా వంతు వచ్చింది. మావారు ఆటోవాడితో మాట్లాడుతూ బయటే ఉండిపోయారు. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, జుట్టు బిగించి ముడేసుకుని చకచకా పనిచేస్తోంది. కుక్కని తూకం బల్ల మీదికి ఎక్కించామో లేదో, ఆటో కుదుపుకి అప్పటికే తిరుగుతున్న దాని కడుపు ఒక్కసారి పొంగి, ఉన్నదంతా డాక్టరమ్మ బూట్ల మీద కక్కేసింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కిందికి వంగి చూసింది. "చేప. ఇంకా అరగనే లేదు" అంది. మరికొంచెం వంగి, "ఇదేంటండీ, కొబ్బరిముక్కా?" అంది.

చేప ఎవరిదో నాకు క్షణంలో అర్థమైంది. కొబ్బరిముక్క ఎవరిదో అర్థం చేసుకోవాల్సిన అవసరమే లేదు. ఆపరేషను చల్లగా జరగాలని తెల్లవారుజామునే లేచి, దేవుడికి కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, ప్రసాదమని ఒక ముక్క దాని నోట్లో పెట్టింది నేనే. అది కళ్ళకద్దుకోలేదు గనక దాని బదులు నేను అద్దుకున్నాను కూడా. వీధిలో ముప్పై గుమ్మాలకి పాఠం చెప్పిన మనిషిని, ప్రసాదం కూడా కడుపులోకే పోతుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

"చేపలు తెచ్చే ఆవిడ ఒకావిడ ఉందమ్మా, ఆవిడ పనే" అన్నాను. కొబ్బరి ఊసు ఎత్తలేదు.

"ఈ కడుపుతో మత్తివ్వలేనండీ. రేపే ఆఖరు. ఖాళీ కడుపుతో తెస్తే ఫస్ట్ దీన్నే తీసుకుంటాను. మళ్ళీ క్యాంపు ఎప్పుడో మాకే తెలీదు. ఇది ఎదకొచ్చే టైం దగ్గర పడింది, చూసుకోండి" అంది డాక్టరమ్మ.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నా కోపం ఉడుకుతూనే ఉంది. తప్పు నాలోనూ ఉన్నప్పుడు నాకు కోపం రెండింతలు వస్తుంది. ఇది నేను రిటైరయ్యాక కనిపెట్టిన లెక్క. ఆటో దిగేసరికి చేపలావిడ టైలరు షాపు ముందు బేసిను దించుకుని కూర్చుని ఉంది. కుక్క నడిచి రావడం చూసి "అప్పుడే అయిపోయిందేటండీ!" అని మొహం విప్పార్చుకుని లేచింది. నడివీధిలో, నలుగురూ చూస్తుండగా మొదలెట్టాను.

"నీకు ఎన్నిసార్లు చెప్పాను? ఏమీ పెట్టొద్దని చెప్పానా లేదా?"

"నేనేం పెట్టలేదండీ!"

"మరి దాని కడుపులోంచి చేప ఎలా వచ్చింది? గోదాట్లోంచి ఎగిరొచ్చి పడిందా?"

ఆవిడ నా మొహంలోకి తెల్లబోయి చూసింది. "అదాండీ... బోణీ చేప ఏసేనండి. అది తిండి కాదు గదండీ."

"దాని కడుపుకి బోణీ అనీ భోజనం అనీ వేరే వేరే అరలున్నాయా? మత్తులో ఉండగా కక్కి ఉంటే చచ్చిపోయేది. రేపు కూడా కుదరకపోతే దాని ఉసురు నీదే."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. మావారు అప్పుడు చేతిలో పేపరు లేక ఆకాశంలోకి చూశారు. టైలరు మిషను ఆపేశాడు. ఆవిడ చుట్టకుదురు నెత్తిన సర్దుకుని, ఎవరి సాయమూ అడక్కుండా బేసిను తనే ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇంట్లోకొచ్చి దేవుడి గూడు ముందు నిలబడ్డాను. పళ్ళెంలో మిగతా కొబ్బరి చిప్ప తెల్లగా నన్నే చూస్తోంది. దాన్ని పచ్చడి చేసేశాను. ఆ పూట నాకు సయించలేదు.

మర్నాడు పొద్దున్న ఆటో వచ్చేసరికి ఆవిడ అప్పటికే మా గేటు పక్కన ఉంది. బేసిను మీద గోనె కప్పే ఉంది. కుక్క తోకూపుతూ దగ్గరికి పోతే రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుంది.

"నేనూ వత్తానండి" అంది.

"మరి చేపలు?"

"అది తినకుండా నేనమ్మనండి. దానికి లేని బోణీ నాకెందుకండి?"

ఆటోలో సీటు మీద నేను, కింద కుక్క, వెనకాల సామాను చోట బేసిను, దాన్ని పట్టుకుని ఆవిడ. మావారు స్కూటరు మీద వెనక. హాలుకి చేరేసరికి నా చీరకి చేపల నీళ్ళు, ఆవిడ చీరకి కుక్క బొచ్చు. డాక్టరమ్మ అన్నమాట ప్రకారం మొదటే పిలిచింది. ఒక కాగితం ఇచ్చి, మత్తులో ఏమైనా అయితే బాధ్యత మాదేనని సంతకం పెట్టమంది. పెన్ను పట్టుకున్నాను. ఎన్ని ప్రోగ్రెస్ కార్డుల మీద గీకిపారేశానో ఆ సంతకం, ఇప్పుడు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఎలాగో పూర్తిచేశాను. ఆవిడ పెన్ను అందుకుని నా సంతకం పక్కనే, అక్షరం అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసింది. "దానికి మనిద్దరం గదండీ" అంది.

బయట వరండాలో కూర్చున్నాం. బేసిను చూసి ఒకాయన ఆగి, కానాగంత చేపలు ఎలా ఇస్తున్నావని అడిగాడు.

"ఇయ్యాల ఇంకా బోణీ అవ్వలేదండి."

"నేను చేస్తున్నాగా బోణీ?"

"మీరు కాదండి, లోపలున్నామె సెయ్యాలి."

ఆయన లోపలున్నామె ఎవరో పెద్ద బేరం అనుకుని వెళ్ళిపోయాడు. ఎండెక్కుతోంది. ఐసు కరిగి బేసిను కింద చెమ్మ పాకింది. మావారిని ఐసుకి పంపాను. జన్మలో చేప వాసన పడని మనిషి, స్కూటరు మీద ఐసు సంచీ పెట్టుకుని రెండుసార్లు మార్కెట్టుకి వెళ్ళొచ్చారు. రెండోసారి ఐసు తనే పరిచి, గోనె చివర్లు కూడా దోపారు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. ఆపరేషన్ అయిపోయిందనీ, కానీ రక్తం కాస్త ఎక్కువ పోయిందనీ, పాత జ్వరాల వల్ల ఒంట్లో సత్తువ లేదనీ, మత్తు దిగి లేచేదాకా ఏమీ చెప్పలేననీ అంది. లోపల దుప్పటి మీద పడుకోబెట్టిన దాని పక్కన మమ్మల్ని కూర్చోనిచ్చింది. వాలిన చెవి కొస, ఆపరేషన్ అయిందని తెలిసే గుర్తుకి, చిన్నగా కత్తిరించి ఉంది. నాలుక ఒక పక్కకి వేలాడుతోంది. నాకు భయం వేసింది. అది పోతే నేను నిన్న వీధిలో అన్న మాట ఈవిడ జన్మంతా మొయ్యాలి గదా అనిపించింది. ఇక ఆగలేకపోయాను.

"నిన్న దాని కడుపులోంచి కొబ్బరిముక్క కూడా వచ్చింది" అన్నాను.

"కొబ్బరా? ఎవురెట్టేరండి?"

"నేనే. పొద్దున్న ప్రసాదం పెట్టాను. ప్రసాదం తిండి కాదనుకున్నాను."

ఆవిడ కుక్క పొట్ట మీది కట్టు అంచు సర్దింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మరి వీధిలో నన్నొక్కదాన్నే అన్నారు గదండీ" అంది.

"అన్నాను. తప్పే."

"ఇక్కడ సెప్తే ఏం లాభమండి? మనిద్దరికే గదండీ ఇనపడేది. వీధిలోనే సెప్పండి."

అడిగిన తీరులో కోపం లేదు. న్యాయం ఉంది. సరేనన్నాను. ముప్పై ఏళ్ళలో ఏ హెడ్మాస్టరూ నా చేత అంత తేలిగ్గా సరేననిపించలేదు.

అప్పుడావిడ చెయ్యి చాపి దాని మూతి మీద వేసింది. తెల్లారినప్పటి నుంచీ చేపలు సర్దిన చెయ్యి. ముందు దాని ముక్కు అదిరింది. తర్వాత నాలుక కొస కదిలి, ఆవిడ వేలిని తాకింది. "డాక్టరుగారూ!" అని నేను పెట్టిన కేకకి పక్కన ఎవరిదో బుట్టలో పిల్లి కూడా బయటికి దూకింది. దాన్ని పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది.

సాయంకాలం ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ, చీకటి పడే ముందు మెత్తగా కొద్దిగా ఏదైనా పెట్టండంది. "చేప పెట్టొచ్చాండి?" అని ఆవిడ అడిగింది. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి, రెండు ముద్దలు మాత్రమే అంది డాక్టరమ్మ. అక్కడే ఉన్న దూది కాస్త తుంచి చేపలావిడ కుక్క చెవుల్లో పెట్టబోయింది. ఆపరేషనైన ఆడదానికి గాలి సోకకూడదట. కుక్క తల విదిలించి దూది ఎగరగొట్టింది. దానికి ఓపికొచ్చిందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

మా అరుగు మీద పాత చీర పరిచి పడుకోబెట్టాం. ఉడికించడానికి కనకాలపేట వెళ్ళి రావాలా అని ఆవిడ ఆలోచిస్తోంది. "ఎందుకు? లోపలికి రా" అన్నాను. ఆవిడ గడప ఇవతలే నిలబడిపోయింది. రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, పాత పాలగిన్నె చేతిలో పెట్టి పొయ్యి వెలిగించాను.

మావారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "ఇంట్లో చేపా?" అన్నారు.

"చేప కాదు, బోణీ" అన్నాను. ఆయన పేపరు వెతుక్కోవడానికి వెళ్ళారు.

ఆవిడ ముల్లు తీసి, వేళ్ళతో మెదిపి, ఊది ఊది పెట్టింది. కుక్క తల కొద్దిగా ఎత్తి మొదటి ముద్ద తిన్నది. రెండోది కూడా తిన్నది. ఆవిడ చెయ్యి కడుక్కుని, బేసిను ఎత్తుకుని, టైలరు షాపు ముందుకి వెళ్ళి దించింది. పొద్దుటి నుంచీ చేపల్లేక ఎదురుచూస్తున్న వీధంతా చుట్టూ మూగింది. ఆవిడ గోనె తియ్యలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది.

నేను అరుగు మీద నిలబడ్డాను. తరగతిలో చివరి బెంచీకి వినబడేలా మాట్లాడే గొంతు ఉండనే ఉంది. "అందరూ వినండి. నిన్న కుక్కకి ఆపరేషన్ ఆగిపోయింది ఈవిడ ఒక్కదాని వల్లే కాదు. నేను కూడా దానికి కొబ్బరిముక్క పెట్టాను. పెట్టి, దాచిపెట్టి, ఈవిడ మీద అరిచాను. ఆ చివర అన్న మాట అసలు అనకూడదు. తప్పు నాది" అన్నాను.

వీధి ఒక్క క్షణం నోరు తెరిచి చూసింది. తర్వాత టైలరు మొదలెట్టాడు నవ్వడం. లోపల మావారి పేపరు కిందికి దిగింది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ వెంటనే నేనూ నవ్వేశాను. చేపలావిడ గోనె తీసి "చేపలోయ్" అని కేకేసింది. అరగంటలో బేసిను ఖాళీ.

ఇప్పుడు కుట్లు మానిపోయాయి. మా గేటు ముందు పెళ్ళిచూపులూ ఆగిపోయాయి. పాలగిన్నె మటుకు చేపగిన్నె అయి, వంటింట్లో దాని స్థానం దానికి ఏర్పడింది. ఎప్పుడైనా దానికి చేప ఉడికించాలంటే ఆవిడ నేరుగా వంటింట్లోకే వచ్చి అందుకుంటుంది. నిన్న పొద్దున్న నేను హారతి పళ్ళెంతో బయటికొచ్చేసరికి ఆవిడ అప్పుడే బేసిను దించింది. కుక్క మా ఇద్దరికీ మధ్య కూర్చుని, కోసిన చెవి ఆడిస్తూ, ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూస్తోంది.

"ముందు మీరెడతారా టీచరుగారూ, నన్నెయ్యమంటారా?" అని వీధంతా వినపడేలా అడిగింది ఆవిడ.

"ముందు నువ్వే వెయ్యమ్మా. బోణీ కానియ్యి" అన్నాను.